కొండ్రుపాడు కల్లంలో గుర్తించని పదార్థం

మా నిఘా కేంద్రంలో ఒక ఎర్రట్ట రిజిస్టరు ఉంది. ఆకాశంలో ఏదైనా ఎగురుతూ కనిపించి, అదేమిటో కాపలావాడికి తెలియకపోతే వెంటనే అందులో రాయాలి. రాసిన మరుక్షణం అది 'గుర్తించని వస్తువు' అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని గుర్తించే హక్కు విచారణ సంఘానికి తప్ప మరెవరికీ లేదు. రాసినవాడికే ఐదు నిమిషాల తర్వాత 'ఓహో, ఇదా!' అని తట్టినా సరే, నోరు మూసుకోవలసిందే. పైనుంచి వచ్చిన సర్క్యులరు అది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు. సర్క్యులర్లను ఎందుకని అడిగిన గుమాస్తా ఎవడూ పెన్షను దాకా వచ్చిన దాఖలా లేదు. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది.

నా పేరు కొమ్మూరి లక్ష్మీపతి. పల్నాడులో కొండ్రుపాడు పక్కన గుట్ట మీదున్న ఆ సైనిక కేంద్రంలో సివిలియన్ గుమాస్తాను. అక్కడ తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి దుబాసీ ఉద్యోగం కూడా నా నెత్తినే పడింది. దొరలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ సెలవిచ్చిన మాటలన్నీ ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. వాటి బరువు కాస్త తగ్గినట్టనిపిస్తే ఆ తప్పు నాదే.

మార్చి చివరి సోమవారం, మిట్టమధ్యాహ్నం. గుట్ట కింద కల్లంలో బత్తుల సైదమ్మ మిరపకాయలు ఎండబోసుకుంది. ఏడాదంతా కౌలు చేనుని కనిపెట్టుకుని పండించిన పంట మొత్తం అక్కడే ఉంది. నేను కిటికీ పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఒక సుడిగాలి గిర్రున తిరుగుతూ కల్లంలో దూరింది. ఒక రాశి మీద కప్పిన నీలం బరకాన్ని, అదేనండీ, టార్పాలిన్ పట్టని, లాగేసుకుని పైకి లేచింది. దాంతోపాటు ఓ రెండు గంపల మిరపకాయలు కూడా లేచాయి. ఇదంతా నేను రెండు కళ్ళతో చూశాను. అన్నం తినడం కూడా ఆపలేదు. మా వైపు ఎండాకాలంలో ఇది పెద్ద వింతేమీ కాదు.

కానీ గేటు దగ్గర కాపలా ఉన్న జవాను కొత్తగా వచ్చాడు. అతనిది మంచుకొండల వైపు ఊరు. సుడిగాలీ తెలియదు, మిరప కల్లమూ తెలియదు. పాపం, గబగబా రిజిస్టరు తీసి రాశాడు: "12.11 గంటలకు వస్తువు ప్రత్యక్షం. పైవైపు నీలం, అడుగువైపు వెండి రంగు. పొడవు ముప్పై అడుగులు. రెక్కలు ఆడిస్తూ గుండ్రంగా తిరుగుచున్నది. ఎర్రని కణములు విడుచుచున్నది. 12.17కి మాయమైనది."

మాయమవడానికి కారణం ఉంది. 12.17కి ఎండు మిరప పొడి అతని కళ్ళలో పడింది. అతను కళ్ళు మూసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. మొహం కడుక్కుని వచ్చేసరికి బరకం వెళ్ళి గుట్ట మీదున్న మా రాడార్ యాంటెన్నాకి చుట్టుకుంది. నీలంగా, నిండుగా, ఊరంతటికీ కనపడేలా చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మా కేంద్రాధిపతి కల్నల్ చౌబల్ గారు ముంగిట్లో జవాన్లను తనిఖీ చేస్తున్నారు. మిరప ఘాటు ఆయన ముక్కుకి తగిలింది. పదిహేడు తుమ్ములు తుమ్మారు. మనం ఒక్క తుమ్ము వినబడితేనే బయలుదేరే ప్రయాణం ఆపి కాసేపు కూర్చుంటాం. ఆయన మాత్రం పదిహేడో తుమ్ము కాగానే సైరన్ మోగించమన్నారు.

"లక్ష్మీపతీ, రాసుకో," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇవి తుమ్ములు కావు. శత్రుచర్యకు శరీరం జరిపిన ప్రతిఘటన."

"సార్, అది కింద కల్లంలో..." అని మొదలుపెట్టాను.

"నువ్వు గుర్తించావా?" అన్నారు ఆయన, సర్క్యులరు ఉన్న బీరువా వైపు చూస్తూ.

"అబ్బే, నేనేం గుర్తించలేదు సార్," అన్నాను. నాలుగేళ్ళ సర్వీసని ముందే చెప్పాను కదా.

సాయంత్రం నాలుగింటికి సైదమ్మ గేటు దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతుల నిండా మిరప ఎరుపుతో, రొప్పుతూ వచ్చింది.

"గుమాస్తా బాబూ, నా బరకం ఎగిరొచ్చి మీ గుట్ట మీద ఆ తిరిగేదానికి సుట్టుకుంది. ఎవర్నన్నా ఎక్కిచ్చి తీపియ్యయ్యా. రాశి ఆరుబయటే పడుంది. శుక్కరవారం నాటికి వానొచ్చేటట్టుంది, గాలి తిరిగింది. తడిసిందంటే కాయ బూజు పట్టిద్ది, ఒక్కడూ కొనడు. ఏడాది కష్టం బూడిదలో పోయిద్ది."

గేటు పక్కనే కుర్చీ వేయించుకున్న కల్నల్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఆమె ఏదో గుర్తిస్తున్నట్టుందే! ఏ హోదాలో గుర్తిస్తోందో అడుగు."

అడిగాను.

"హోదా ఏందయ్యా, నా బరకం నాకు తెలవదా? మూలన చినిగితే తెల్లదారంతో నేనేగా మాసికేసుకుంది! అదిగో, ఈడికే కనపడతంది!" అని వేలు పెట్టి చూపించింది. నిజమే, మాసిక కూడా కనబడుతోంది.

కల్నల్ గారు ఆ వేలు వెంట చూశారు. యాంటెన్నాని చూశారు. బరకాన్ని చూశారు. ఆ తర్వాత ఎంతో ఓర్పుగా ఇలా సెలవిచ్చారు: "వస్తువు 12.17కి మాయమైంది. రిజిస్టరులో ముగ్గురం సంతకాలు చేశాం. మాయమైన వస్తువు యాంటెన్నా మీద ఎలా ఉంటుంది? కాబట్టి యాంటెన్నా మీదున్నది అది కాదు. అది వేరే సంగతి. యాంటెన్నా సంగతులు నిర్వహణ విభాగం చూస్తుంది. ఆ విభాగం వేరే రాష్ట్రంలో ఉంది. ఉత్తరం రాద్దాం."

ఈ మాట తెలుగులోకి మార్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. విన్నాక సైదమ్మ నా మొహంలోకి చూసి, "ఆయనకి ఎండ దెబ్బేమన్నా తగిలిందా బాబూ?" అంది. దాన్ని నేను మార్చలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఎర్రని కణాలు ఎక్కడెక్కడ పడ్డాయో వెతకడానికి వెళ్ళిన జవాన్లు అరగంటలో పరుగెత్తుకొచ్చారు. గుట్ట కింద ఒకచోట ఆ కణాలు కుప్పలు తెప్పలుగా, ఎకరం మేర పడి ఉన్నాయట! అది సైదమ్మ కల్లం. చీకటి పడకముందే దాని చుట్టూ పసుపు రిబ్బను కట్టేశారు. లోపల కాలు పెట్టకూడదు, ఒక్క కాయ ముట్టుకోకూడదు, ఏమీ కప్పకూడదు. సైదమ్మ రిబ్బను పట్టుకుని బావురుమంది. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెబితే, "మీరు అక్కడ ఉండి ఏం చేస్తున్నట్టు?" అంది. ఏం చేస్తాను, అనువాదం చేస్తున్నాను.

బుధవారం నాడు విచారణ సంఘం దిగింది. దాని అధ్యక్షుడు బ్రిగేడియర్ భరాలీ. గుబురు మీసాలు, బొంగురు గొంతు. గుర్తించని వస్తువుల మీద ఆయన అంతకుముందు తొమ్మిది విచారణలు నడిపారనీ, తొమ్మిదింటిలోనూ ఏదీ గుర్తించకుండా బయటపడ్డారనీ ఆయన వెంట వచ్చినవాళ్ళు భక్తిగా చెప్పుకున్నారు. అందరూ ముసుగులు తగిలించుకుని కల్లంలోకి దిగారు. నన్నూ సైదమ్మనూ రిబ్బను అవతల నిలబెట్టారు.

"పదార్థం చెల్లాచెదురుగా లేదు," అన్నారు బ్రిగేడియర్. "సమాన దూరంలో చాళ్ళు చాళ్ళుగా పరిచి ఉంది. ప్రకృతి ఇలా చేయదు. దీని వెనక బుద్ధి ఉంది."

"ఆయనేమంటన్నాడు?" అంది సైదమ్మ.

"దీని వెనక బుద్ధి ఉందంటున్నారు."

"నాదే. కాయ అడుగుది పైకి రావాలని పొద్దున సాయంత్రం కాళ్ళతో చాళ్ళు తీస్తా."

అంతలో లోపల పెద్ద కలకలం. పాదముద్రలు దొరికాయి! కొలతలు తీశారు, ఫొటోలు తీశారు. "ఐదు వేళ్ళు!" అన్నారు బ్రిగేడియర్ గొంతు తగ్గించి. "మానవాకారాన్ని పోలిన జీవులు."

సైదమ్మకి ఒళ్ళు మండిపోయింది. రిబ్బను కిందనుంచి దూరి, చరచరా వెళ్ళి, తన కాలు ఆ గుర్తులో పెట్టింది. చెప్పుకి పాదంలా సరిపోయింది. "ఇది నా కాలయ్యా! నా కాలు కూడా నాది కాదంటారా ఏంది మీరు?"

బ్రిగేడియర్ వంగి చాలాసేపు చూశారు. లేచి మీసం సవరించుకుని, "పోలిక ఆశ్చర్యంగా ఉంది," అన్నారు. "అంటే వాళ్ళు ఇక్కడి రైతుల పాదాలను ముందే క్షుణ్ణంగా అధ్యయనం చేసి వచ్చారన్నమాట. రాసుకోండి."

రాసుకున్నాను. నా ఖర్మ.

తర్వాత పదార్థ పరీక్ష. ఒక జవాను కంటి దగ్గర పెట్టారు, నీళ్ళు కారాయి. మరొకతని ముక్కు దగ్గర పెట్టారు, తుమ్మాడు. ఇంకొకతని నాలుక మీద పెడితే పొలికేక పెట్టి మంచినీళ్ళ కుండ వైపు పరుగెత్తాడు. 'మూడు అంచెల ఆయుధం' అని తేలింది. ఉండబట్టలేక, "సార్, మన మెస్సులో కూరల్లో రోజూ వేసేది కూడా ఇలాగే ఉంటుంది," అన్నాను. బ్రిగేడియర్ నన్ను జాలిగా చూశారు. "మెస్సులోది మిరపకాయ. బిల్లు ఉంది. దీనికి బిల్లు ఏదీ?"

ముద్ర వేసి వంటశాల పక్క గదిలో పెట్టిన రెండు కిలోల నమూనా గురువారానికి కిలోన్నర అయింది. సాయంత్రానికి కిలో. గాలి తగిలితే తనంతట తాను అంతర్ధానమయ్యే గుణం ఈ పదార్థానికి ఉందని నివేదికలో చేర్చారు. ఆ రెండు రోజులూ మెస్సులో పప్పుచారు ఎన్నడూ లేనంత రుచిగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. వంట హవల్దారు పొన్నుస్వామి మాత్రం ఆ గది వైపు కన్నెత్తి చూడలేదని ప్రమాణం చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాటేసరికి పడమట మబ్బు కమ్మింది. నల్లగా, నీళ్ళతో బరువెక్కిన మబ్బు. సైదమ్మ పొద్దుటినుంచీ రిబ్బను దగ్గరే నిలబడి ఉంది. తిండీ లేదు, నీళ్ళూ లేవు. నన్ను చూడగానే ఏడుస్తూ చేతులు పట్టుకుంది.

"ఒక్క గంటన్నా ఒదలమను బాబూ. మా వాడకట్టు ఆడోళ్ళంతా వస్తారు. సంచుల్లో ఎత్తుకుంటాం. ఆ తర్వాత నన్ను జైల్లో పెట్టినా సరే."

ఆమెను వెంటబెట్టుకుని నేరుగా విచారణ గదిలోకి వెళ్ళాను. వానొస్తోంది సార్, కనికరించండి అన్నాను. కల్నల్ గారు కదలకుండా రాడార్ తెర చూపించారు. తెర మీద ఒక్క చుక్క లేదు. బరకం చుట్టుకున్న యాంటెన్నాకి సోమవారం నుంచీ కాకి కూడా కనబడటం లేదు మరి.

"తెర నిర్మలంగా ఉంది," అన్నారు. "మబ్బు లేదు."

సరిగ్గా అప్పుడే ఉరిమింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"అది?" అన్నాను.

"తెర మీద లేదు," అన్నారు కల్నల్.

సైదమ్మ ఒకసారి తెరను చూసింది, ఒకసారి కిటికీలోంచి మబ్బును చూసింది. ఏడుపు ఆపేసింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని నా వైపు తిరిగింది.

"గుమాస్తా బాబూ, సూటిగా ఒక మాట చెప్పు. అయ్యి నా కాయలు అంటే ఏమయ్యిద్ది?"

"నువ్వు అనుమానితురాలివి అవుతావు. విచారణ ఇంకో నెల సాగుతుంది. అవి అక్కడే ఉంటాయి."

"నాయి కాదంటే?"

ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. సర్క్యులరు తీసి పేజీలు తిప్పాను. పదకొండో క్లాజులో ఉంది: 'ఎవరికీ చెందని పదార్థము ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని తేమ తగలని చోట భద్రపరచవలెను.' చదివి వినిపించాను.

విత్తనం వేసినప్పటినుంచీ ఆ చేలో ఎన్ని నీళ్ళు మోసిందో, ఎన్ని పురుగులు ఏరిందో ఆమెకే తెలుసు. "రాయి బాబూ," అంది. "ఆ కాయలకీ నాకూ సంబంధం లేదు. అయ్యి పైనుంచే పడినయ్యి. సోమారం పొద్దున సూస్తే కల్లంలో ఏమీ లేదు. దేవుడి సాచ్చిగా చెప్తన్నా... ఆ దేవుడు నన్ను క్షమిచ్చాలి."

కాగితం రాశాను. ఆమె వంకరటింకర అక్షరాలతో సంతకం పెట్టింది. నా ముప్పైయేళ్ళ సర్వీసులో అంతటి అబద్ధపు కాగితం నేను రాయలేదు, అంత ఇష్టంగానూ ఏదీ రాయలేదు.

బ్రిగేడియర్ కాగితం చదివి లేచి నిలబడ్డారు. మొహం వెలిగిపోయింది. "మొదటినుంచీ నేను అంటున్నది ఇదే! ఎకరం మేర ప్రభుత్వ ఆస్తి ఆరుబయట పడి ఉందా? ఎవరిది ఈ నిర్లక్ష్యం? కేంద్రం మొత్తం కదలాలి!"

కేంద్రం మొత్తం కదిలింది. అరవైమంది జవాన్లు ముసుగులు వేసుకుని, పారలూ సంచులూ పట్టుకుని గుట్ట దిగారు. తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, దేశం కోసమని పళ్ళు బిగబట్టి ఎత్తారు. సైదమ్మ రిబ్బను అవతల నిలబడి, "ఒరేయ్ నాయనా, తొక్కమాకరా, ముక్కలయిద్ది! తాలుకాయ పక్కకెయ్యి!" అని అరుస్తోంది. తనవి కావని సంతకం పెట్టినావిడకి ఈ ఆత్రం ఎందుకని ఎవరూ అడగలేదు, ఆ సంగతి ఎవరి హోదాలోకీ రాదు.

కేంద్రంలో తేమ తగలనిది మందుగుండు గది ఒక్కటే. అందులో ఉన్న తూటాల పెట్టెలు ఎక్కడ పెట్టాలని అడిగాను.

"తూటాలు గుర్తించిన వస్తువులు," అన్నారు బ్రిగేడియర్. "వాటికి తొందర లేదు."

తూటాల పెట్టెల్ని బ్యాడ్మింటన్ కోర్టులో పెట్టారు. చివరి సంచీ గదిలోకి చేరి తలుపు మూసేసరికి మొదటి చినుకు పడింది. ఆ తర్వాత కుండపోత. గంటన్నరసేపు పడింది. కల్నల్ గారు తడిసి ముద్దయి లోపలికొచ్చి తెర వైపు చూశారు. నిర్మలంగానే ఉంది. తుండుతో తల తుడుచుకుంటూ, వాన గురించి నివేదికలో ఏమీ రాయవద్దన్నారు.

సైదమ్మ నా గది వరండాలో ముడుచుకుని కూర్చుని ఉంది. "తడవలేదు గందా?" అంది. "ఒక్క కాయ కూడా తడవలేదమ్మా," అన్నాను. "హమ్మయ్య," అని, మళ్ళీ తనే, "అయినా ఇంక అయ్యి నాయి కాదుగా," అంది. అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా.

ఆ రోజు ఇంటికెళ్ళే ముందు సర్క్యులరు మొత్తం, ముప్పైనాలుగు క్లాజులూ, చదివాను. అది పుట్టాక దాన్ని ఆసాంతం చదివినవాణ్ణి నేనే అయివుంటాను.

శనివారం విచారణ ముగింపు సభ. బ్రిగేడియర్ నిర్ణయాలు చదివారు. వస్తువును గుర్తించడం సాధ్యం కాదు. పదార్థాన్ని గుర్తించడం సాధ్యం కాదు. పాదముద్రలు ఎవరివో చెప్పడం సాధ్యం కాదు. అయితే సంఘటన తర్వాత కేంద్రం తెర మీద ఒక్క వస్తువు కూడా కనబడలేదు కనుక, ఈ కేంద్రాన్ని చూసి శత్రువు హడలిపోయాడని స్పష్టమవుతోంది. అందుకు కల్నల్ చౌబల్ గారికి ప్రశంసాపత్రం సిఫారసు చేస్తున్నాం. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక నేను లేచాను. "సార్, ఇరవై ఆరో క్లాజు ఒకటి మిగిలింది," అని చదివాను: 'విచారణ ముగిసిన పిదప, సేకరించిన పదార్థమును సేకరించిన చోటనే, సేకరించిన తీరుననే తిరిగి ఉంచవలెను.'

బ్రిగేడియర్ సర్క్యులరు లాక్కుని తానే మూడుసార్లు చదువుకున్నారు. క్లాజు క్లాజే.

ఆదివారం పొద్దున అరవైమంది జవాన్లూ మళ్ళీ గుట్ట దిగారు. ముందురోజు ఎండకు కల్లం ఆరిపోయింది. ఫొటోలు చేత్తో పట్టుకుని చాలు తర్వాత చాలు, ఏ సంచీలోవి ఆ చోటే పరిచారు. అంతా అయ్యాక కల్నల్ గారికి అనుమానమొచ్చింది. పాదముద్రలు లేకుండా 'తీరు' పూర్తయినట్టు కాదు కదా! ఐదు వేళ్ళున్న స్థానికుల సహాయం తీసుకోవచ్చని బ్రిగేడియర్ అనుమతి ఇచ్చారు. అలా ప్రభుత్వ ఆదేశం మీద సైదమ్మ తన కల్లంలోకి దిగి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ, కాయలన్నీ శుభ్రంగా తిరగేసింది. జవాన్లు సెల్యూట్ కొట్టారు.

మూడు రోజులు ఎండలో గలగలలాడేలా ఎండాక, వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి బస్తాలకెత్తారు. ట్రాక్టరు వచ్చింది. అది బయలుదేరబోతుండగా కల్నల్ గారి జీపు అడ్డంగా వచ్చి ఆగింది. వెనక సీట్లో నేను.

"ఆగండి!" అన్నారు ఆయన దిగుతూ. "కేంద్రం దృష్టిలో ఇది ఇప్పటికీ గుర్తించని పదార్థం. పైగా ఈమె తనది కాదని రాసిచ్చింది. ఎక్కడికి తీసుకెళ్తోందో అడుగు, లక్ష్మీపతీ."

అడిగాను. సైదమ్మ బస్తాల మీద కూర్చునే, ఏమాత్రం తొణకకుండా చెప్పింది.

"మిరప యార్డుకయ్యా. మీరు గుర్తుపట్టకపోతే ఏం, ఆడ కమీషను కొట్లో గుమాస్తా కాణ్ణించి బస్తాలు మోసేవాడి దాకా కళ్ళు మూసుకునే గుర్తుపడతారు."

కల్నల్ గారు నా నోటి వైపే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"పదార్థాన్ని గుర్తించగల నిపుణుల సంఘం దగ్గరికి తీసుకెళ్తోందట సార్. చాలా పెద్ద సంఘమట."

ఆయన మొహం గంభీరమైంది. నిటారుగా నిలబడి ఆజ్ఞాపించారు. ట్రాక్టరు ముందు ఒక జీపు, వెనక ఒక జీపు, బస్తాల పక్కన తుపాకులు పట్టుకున్న నలుగురు జవాన్లు. సైదమ్మ ఒక జవానుకి కొంచెం జరిగి చోటిచ్చి, "కూర్చో నాయనా, దూరం పోవాల," అంది. ట్రాక్టరు కదిలింది.